కార్సన్ సిటీ టంకశాల – వెండి డాలర్ల పుట్టుమచ్చలు

ముంబయి కోట ప్రాంతంలో ఉద్యోగాలు చేసే మనవాళ్లలో రిజర్వు బ్యాంకు ఎదుట ఉన్న టంకశాల పక్కగా నడవనివారు అరుదు. కాని జేబులోని రూపాయి ఆ గోడల లోపల పుట్టినదా, మరొక ఊళ్లో పుట్టినదా అని చూసుకునేవారు ఇంకా అరుదు. చూడడం కష్టమేమీ కాదు. ఇప్పటి నాణెం మీద సంవత్సరానికి కింద చిన్న వజ్రపు గుర్తు ఉంటే అది ముంబయి. నక్షత్రం ఉంటే హైదరాబాదు. చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. మనిషికి పుట్టుమచ్చ వంటిది నాణేనికి ఈ గుర్తు. విలువ ఒక్కటే, బొమ్మ ఒక్కటే, పుట్టిన ఊరు మాత్రం వేరు. తరతరాలుగా పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి పుట్టుమచ్చ ఒకటి ఎంత కథను దాచుకోగలదో మాకు అమెరికాలో ఒక చిన్న ఊళ్లో తెలిసివచ్చింది. 2023 జూన్‌లో మేము, మా ఇంటావిడ కలిసి శాక్రమెంటోలో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్లాము. ఒక శనివారం ఎక్కడికి పోదామని మాటలు వచ్చినప్పుడు కార్సన్ సిటీ అన్నాము. అతను నవ్వి, "బావగారూ, అందరూ ఆ కొండలు దాటి రీనోకు జూదమాడడానికి పోతారు. డబ్బు పుట్టిన చోటు చూస్తామన్నవాళ్లు మీరొక్కరే" అన్నాడు. అయినా కారు తీశాడు.

శాక్రమెంటో నుంచి యాభయ్యో నెంబరు రాజమార్గం తూర్పుగా పోతుంది. మొదట మైదానం, తరువాత పైను చెట్ల అడవి, ఆ పైన సియెర్రా నెవాడా కొండలు. ఎకో సమ్మిట్ అనే కనుమ దగ్గర ఎత్తు ఏడు వేల అడుగులు దాటుతుంది. అక్కడ నుంచి కిందికి చూస్తే టాహో సరస్సు కనిపించింది. ఆ నీలం రంగును వర్ణించడానికి మాకు మాటలు చాలవు. జూన్ నెలలో కూడ కొండల మీద మంచు మిగిలే ఉన్నది. సరస్సు దాటి అవతలి వాలు దిగేసరికి దేశమే మారిపోయినది. చెట్లు పలచబడి, గోధుమరంగు కొండలూ, ఎండిన తుప్పలూ మొదలైనాయి. మన రాయలసీమవారెవరైనా చూస్తే సొంత ఊరు జ్ఞాపకం వస్తుంది. ఆ ఎడారి అంచున ఉన్నదే కార్సన్ సిటీ. నెవాడా రాష్ట్రానికి అది రాజధాని. జనాభా అరవై వేలకు లోపే.

అటువంటి చోట టంకశాల ఎందుకు కట్టారు? ఆ కొండల అడుగున వెండి ఉండబట్టి. 1859లో కార్సన్ సిటీకి దగ్గరలోనే, నేటి వర్జీనియా సిటీ ఉన్న కొండలో, కామ్‌స్టాక్ అనే పేరుతో ప్రసిద్ధమైన వెండి గని బయటపడింది. తవ్విన వెండిని బళ్ల మీద సియెర్రా కొండలు దాటించి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలకు చేర్చవలసి వచ్చేది. కూలి ఖర్చు ఒకటి, దారిదోపిడీ భయం ఒకటి. ఇక్కడే నాణేలు కొడితే ఆ రెండూ తప్పుతాయి కదా అని గనులవారు కోరగా ప్రభుత్వం ఒప్పుకొన్నది. 1866లో కట్టడం మొదలుపెట్టారు. రాయి ఆ ఊరి కారాగారం పక్కన ఉన్న గనిలోనిది. ఆ ఊరు వెలయడానికి ముఖ్యకారకుడైన ఏబ్రహాం కర్రీ అనే ఆయనే ఈ టంకశాలకు మొదటి అధికారి. 1870 ఫిబ్రవరిలో మొదటి నాణెం, ఒక వెండి డాలరు, అచ్చు నుంచి జారిపడింది. 1893లో నాణేలు కొట్టడం ఆగిపోయింది. అంటే ఈ టంకశాల నాణేలు కొట్టిన కాలం పాతికేళ్లు కూడ లేదు. నడుమ కొన్నేళ్లు మూతపడి ఉన్నది కూడ.

ఆ భవనం ఇప్పుడు నెవాడా రాష్ట్ర ప్రదర్శనశాల. రెండంతస్తుల రాతికట్టడం, పైన చిన్న గోపురం. మన ఊళ్లలో పాత తాలూకా కచేరీలు ఎట్లా ఉంటాయో సుమారు అట్లాగే ఉన్నది, ఆర్భాటం ఏమీ లేదు. లోపల ఒక గదిలో ఒకటో నెంబరు అచ్చు యంత్రాన్ని నిలబెట్టారు. ఫిలడెల్ఫియాలో తయారై వచ్చిన ఆరు టన్నుల ఇనుప యంత్రమది. టంకశాల మూతపడిన తరువాత అది వేరే టంకశాలలకు పోయింది. చివరకు మళ్లీ పుట్టింటికి చేరింది. 1964లో అమెరికాలో చిల్లరకు కరువు వచ్చినప్పుడు ఈ ముసలి యంత్రాన్ని డెన్వరుకు అరువు ఇచ్చి పని చేయించుకున్నారట. ఇప్పటికీ ఆ యంత్రం మీదే పతకాలు కొట్టి, అమ్ముతుంటారు. భవనం అడుగుభాగంలో గని ఎట్లా ఉంటుందో చూపడానికి సొరంగం వంటిది కట్టారు. దానిలో నడుస్తూ మా ఇంటావిడ, "ఇంత చీకటిలో తవ్విన వెండి కాబట్టే కాబోలు, మనుషులు దాన్ని పెట్టెల చీకటిలోనే దాస్తారు" అన్నది.

అద్దాల పెట్టెలలో డాలర్లు వరుసగా పేర్చి ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనది మోర్గన్ డాలరు. జార్జి మోర్గన్ అనే ఇంగ్లీషు దేశపు శిల్పి చెక్కిన అచ్చు కావడం వల్ల ఆ పేరు వచ్చింది. 1878 నుంచి 1904 వరకూ, మళ్లీ 1921లోనూ ఇవి వెలువడ్డాయి. బొమ్మ వైపు స్వేచ్ఛాదేవి ముఖం, కింద సంవత్సరం. బొరుసు వైపు రెక్కలు విప్పిన గద్ద, దాని చుట్టూ ఆకుల దండ. ఆ దండకు కింద వేసిన ముడి దగ్గర, డాలరు అనే మాటలోని డి, ఓ అక్షరాలకు పైగా చూడాలి. అక్కడ ఆవగింజంత అక్షరం ఉంటుంది. అదే పుట్టుమచ్చ. సి సి అని రెండు అక్షరాలుంటే కార్సన్ సిటీ. ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో. ఓ ఉంటే న్యూ ఆర్లియన్సు. డి ఉంటే డెన్వరు, పాతవాటిలో అది 1921 నాణేల మీద మాత్రమే. అక్షరమే లేకపోతే ఫిలడెల్ఫియా. మన కోల్‌కతాకు ఉన్న మర్యాదే వారి ఫిలడెల్ఫియాకు ఉన్నది. అందరికంటె పెద్దది కనుక గుర్తు అక్కరలేదన్నమాట. కార్సన్‌కు రెండు అక్షరాలు ఎందుకంటే, ఒంటి సి అక్షరాన్ని అంతకు పూర్వమే షార్లెట్ అనే ఊరి టంకశాల వాడుకున్నది.

తక్కిన డాలర్ల సంగతి కూడ చెప్పి ముగిస్తాము. 1794 నుంచి 1804 వరకూ సంవత్సరం వేసిన తొలి డాలర్ల మీద ఏ గుర్తూ ఉండదు, అప్పటికి టంకశాల ఒక్కటే. 1840 మొదలు 1873 వరకూ వచ్చిన, దేవి కూర్చున్న డాలర్ల మీదా, 1873లో చైనా వర్తకం కోసం మొదలుపెట్టిన ట్రేడ్ డాలర్ల మీదా, గుర్తు బొరుసు వైపు గద్దకు కింద ఉంటుంది. 1921 నుంచి 1935 వరకూ నడుమ కొన్నేళ్లు విడిచి వెలువడిన శాంతి డాలరు మీద, బొరుసు వైపు ఒకటి అనే ఇంగ్లీషు మాట కింద, గద్ద రెక్క కొనకు దగ్గరగా ఉంటుంది. 2021లో పాత జ్ఞాపకార్థం కొత్త మోర్గన్ డాలర్లు కొట్టి, కొన్నిటి మీద సి సి అనీ, ఓ అనీ వేశారు. అవి ఫిలడెల్ఫియాలో పుట్టినవే. కనుక అక్షరంతో పాటు సంవత్సరం కూడ చూడాలి.

మోర్గన్ డాలరు తూకం 26.73 గ్రాములు. మన లెక్కలో రెండుంబావు తులాలకు కొంచెం పైన. నూటికి తొంభై పాళ్లు వెండి, పది పాళ్లు రాగి. వెండి మాత్రమే లెక్క వేస్తే 24 గ్రాముల పైచిలుకు, వారి తూకంలో 0.7734 ఔన్సు. ఆనాటి వెండి ధరను దీనితో హెచ్చవేస్తే ఏ డాలరుకైనా కనీస విలువ వస్తుంది. ఔన్సు ముప్పై డాలర్లనుకుంటే ఒక నాణెంలోని వెండికి 23 డాలర్ల 20 సెంట్లు. దానికి పైన వచ్చేదంతా సంవత్సరం, అక్షరం, అరుగుదల, ఈ మూడిటిని బట్టి.

తక్కువ కొట్టినది ఎక్కువ విలువ అని మనం అనుకుంటాము. ఆ ప్రదర్శనశాలలో మేము నేర్చుకున్న అసలు పాఠం అది నిజం కాదన్నదే. కార్సన్ మోర్గన్ డాలర్లలో అన్నిటికంటె తక్కువ కొట్టినది 1885లో, 2,28,000 మాత్రమే. 1889లో కొట్టినవి 3,50,000. కాని కొత్తగా ఉన్న నాణేల ధరలో 1889 నాటిది 1885 నాటి దానికి అందనంత పైన ఉంటుంది. కారణమేమిటి? 1885 నాటి వాటిని ఎవరూ వాడలేదు. సంచులలో కట్టి ప్రభుత్వ ఖజానాలో పడవేశారు. 1964లో ఖజానావారు నోట్లకు వెండి డాలర్లు ఇవ్వడం మానుకున్నప్పుడు సుమారు ముప్పై లక్షల డాలర్లు మిగిలినాయి. వాటిలో అధికభాగం కార్సన్‌వే. 1972 నుంచి 1980 వరకూ ప్రభుత్వమే వాటిని తపాలా ద్వారా జనానికి అమ్మింది. 1885 నాటివి అందులో లక్షా నలభై ఎనిమిది వేలకు పైగా ఉన్నాయి. 1889 నాటివి దాదాపు లేవు. ఎన్ని పుట్టాయన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే లెక్క.

మిగిలాయని తెలిస్తే ధర ఎట్లా పడిపోతుందో 1962లో లోకం చూసింది. న్యూ ఆర్లియన్సు 1903 డాలరు అంతవరకూ మహా అరుదైనదని పేరు. ఆ ఏడు చివరలో ఖజానా అడుగున ఉన్న సంచులు విప్పేసరికి అవే కుప్పలుగా బయటపడ్డాయి. దాచుకున్నవారి ఆశలు ఒక్క నెలలో కరిగిపోయినాయి. ఇక రీనోలో లావేర్ రెడ్‌ఫీల్డ్ అనే ధనికుడు బ్యాంకులను నమ్మక తన ఇంటి నేలమాళిగలో నాలుగు లక్షలకు పైగా వెండి డాలర్లు దాచాడు. ఆయన 1974లో పోయిన తరువాతగాని సంగతి అందరికీ తెలియలేదు. 1976లో వాటిని వేలంలో ఒకే మొత్తంగా అమ్మితే 73 లక్షల డాలర్లు వచ్చాయి.

నిజంగా అరుదైనవి లేకపోలేదు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టినవి లక్ష మాత్రమే. 1895 ఫిలడెల్ఫియా డాలర్లలో కనిపించేవి ప్రత్యేకంగా మెరుగు పెట్టి కొట్టిన 880 మాత్రమే. 1794 నాటి మొదటి డాలరు ఒకటి 2013 జనవరిలో వేలానికి వచ్చి కోటి డాలర్ల పైచిలుకు పలికింది. విలువ ఉన్నచోట మోసం ఉంటుంది. 1893 ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అక్షరం అతికిస్తారు. 1895 న్యూ ఆర్లియన్సు నాణెం మీద ఓ అక్షరం గీకివేస్తారు. భూతద్దంతో అక్షరం మొదలు చుట్టూ చూస్తే అతుకో, గీతలో కనిపిస్తాయి. అసలైన 1893 ఎస్ నాణేనికి, తలపాగు మీద ఉన్న లిబర్టీ అనే మాటలోని టి అక్షరం పైభాగంలో సన్నని ఏటవాలు గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. ట్రేడ్ డాలరు అని చూపి 1873కు ముందు సంవత్సరం ఉన్నది ఎవరైనా అమ్మజూపితే పరీక్ష కూడ అక్కరలేదు, అది దొంగదే. అయస్కాంతానికి అంటుకుంటే ఏదైనా దొంగదే.

అద్దాల పెట్టెల ముందు నిలబడి మేము ఇండియా మాట తలవలేదు. ప్రదర్శనశాల చూపే పెద్దాయన ఒకరు మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగి, ముంబయి అనగానే, "అయితే మా డాలర్లు మీ దగ్గరే ఉన్నాయి" అన్నాడు. ఆ మాటకు వెనుక ఉన్న కథ ఇది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో మన దేశం యుద్ధానికి సరకులు పంపింది. వాటికి చెల్లింపులు నోట్లలో వచ్చాయి. నోటు తెస్తే వెండి రూపాయి ఇస్తామన్నది ప్రభుత్వం వాగ్దానం. 1917 నవంబరులో ఒక రూపాయి కాగితం నోటు మొదటిసారి వచ్చింది. జనానికి దాని మీద నమ్మకం కుదరలేదు. 1918 వేసవికి నోట్లు పట్టుకొని వెండి అడిగేవారు పెరిగి, ఖజానాలో వెండి తరిగిపోయింది. వాగ్దానం తప్పితే దేశం ఏమవుతుందో అని దొరలకు భయం పుట్టింది. అప్పుడు బ్రిటిషువారు అమెరికాను అర్థించారు. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం వచ్చింది. దాన్ని ప్రతిపాదించిన పిట్‌మన్ నెవాడా రాష్ట్రపు సెనేటరే. ఆ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు. వాటిలో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి బ్రిటిషువారి ద్వారా మన దేశం కోసం అమ్ముడుపోయింది. ఆ వెండి మన టంకశాలలలో రూపాయిలైంది.

దీనిలో ఒక లెక్క మమ్మల్ని ఆకర్షించింది. డాలరులో స్వచ్ఛమైన వెండి 371.25 గ్రెయిన్లు. మన పాత రూపాయిలో 165 గ్రెయిన్లు. ఒకదానితో ఒకటి భాగిస్తే సరిగా రెండుంబావు వస్తుంది, పైసా తేడా లేదు. అంటే ఒక డాలరు కరిగితే రెండుంబావు రూపాయిల వెండి. ఆ లెక్కన వచ్చిన వెండి 58 కోట్ల రూపాయిలకు సరిపోతుంది. ఏ సంవత్సరపు, ఏ అక్షరపు డాలర్లు కరిగాయో ఎవరూ రాసి ఉంచలేదు. నేడు మిగిలినవి ఎంత అరుదో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవడానికి అది ఒక కారణం.

పాఠకుల ఇళ్లలో అయిదవ జార్జి తల ఉన్న 1918 నాటి రూపాయి ఉంటే బొరుసు వైపు అడుగున తామరపువ్వు కింద చూడండి. ఉబ్బెత్తు చుక్క ఉంటే అది బొంబాయి, లేకపోతే కలకత్తా. అది ఒకప్పుడు కామ్‌స్టాక్ గని నుంచి వచ్చిన డాలరు అయి ఉండవచ్చు. ఆ రూపాయిలను కూడ మన పెద్దవాళ్లు ఎన్నిటినో కరిగించి కడియాలూ, మొలతాళ్లూ, పట్టీలూ చేయించుకున్నారు. పసిపిల్లల కాళ్ల మీద మోగిన వెండిలో నెవాడా కొండ కొంత ఉన్నదేమో ఎవరు చెప్పగలరు?

తిరుగు ప్రయాణంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిఫ్త్, మిషన్ వీధుల మూలన ఉన్న పాత టంకశాలను బయటి నుంచి చూశాము. ఎస్ అక్షరపు పాత మోర్గన్ డాలర్లన్నీ 1878 నుంచి ఆ స్తంభాల వెనుకనే పుట్టాయి. 1906 భూకంపంలో, దానితో వచ్చిన అగ్నిలో చుట్టుపక్కలంతా బూడిదైనా ఆ రాతికట్టడం నిలిచింది. లోపల ఉన్న ఉద్యోగులు గంటల తరబడి నీళ్లు మోసి, నిప్పుతో పోరాడి దాన్ని కాపాడారు. జీతానికి పనిచేసే గుమాస్తాలూ, పనివాళ్లూ చేసిన పని అది. గుమాస్తా పని చేసే మాకు ఆ గోడ ముందు కొంచెం గర్వం కలిగింది.

ఇదంతా తెలుసుకొని వచ్చినందుకు మాకు ఒక్క ప్రయోజనం కలిగింది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ మామగారు ఒకప్పుడు బొంబాయి రేవులో పనిచేశారు. ఓడమనిషి ఎవరో ఇచ్చిన వెండి డాలరు ఒకటి ఆయన నుంచి ఆవిడకు వచ్చింది. లక్ష్మీదేవి పెట్టెలో ఉంచి, ప్రతి శ్రావణమాసంలోనూ చింతపండుతో తోమి పూజ చేస్తారు. ఈ మధ్య ఎవరో ఫోనులో, పాత డాలరుకు పన్నెండు లక్షలిస్తాము, ముందు నమోదు రుసుము పదివేలు కట్టండి అన్నారట. మనవడి చదువు గడుస్తుందని ఆవిడ ఆశ. పదివేలు సిద్ధం చేసుకొని, కట్టేముందు నాణెం మాకు చూపించారు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు నాయనా" అన్నారు.

1889, ఓ అక్షరం. ఆ ఏడు న్యూ ఆర్లియన్సులో కొట్టినవి కోటీ పద్దెనిమిది లక్షలకు పైనే. అసలే అరిగినది, చింతపండు తోముడుకు దేవి జుట్టు నున్నగా అయిపోయింది. వెండి ధరకు పైన వచ్చేది స్వల్పం. ఉన్నది ఉన్నట్టే చెప్పాము. ముందు రుసుము అడిగేవారెవరూ కొనేవారు కారనీ, పాత నాణేల పేరుతో తన పేరు వాడుకొని రుసుములు అడిగేవారున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించిందనీ చెప్పాము. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ ఆశ పెట్టుకొని ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నారో మాకు తెలియదు. తరువాత నాణేన్ని పట్టుగుడ్డలో చుట్టి, "పోనీలే. మా మామగారు చేతిలో పెట్టిననాడు దీని ధర ఎంతని నేను అడిగానా?" అన్నారు. పదివేలు మనవడి రుసుముకే కట్టారు.

కనుక పాఠకులకు మా మనవి. పెట్టెలో పాత నాణెం ఉంటే చింతపండు, విభూతి, సబ్బు ఏదీ తగిలించవద్దు. నల్లగా ఉంటే నల్లగానే ఉండనివ్వండి, ఆ నలుపే దాని వయసుకు సాక్షి. అంచులు పట్టుకొని చూడండి, ముఖం మీద వేలు పెట్టవద్దు. తూకం వేయించండి, సంవత్సరం చదవండి, అక్షరం వెదకండి. నూరేళ్లు దాటిన నాణెం మన చట్టప్రకారం పురావస్తువు, అమ్మకానికని విదేశాలకు పంపడం నేరం. కొంటామని వచ్చినవాడు మీ చేతి నుంచి డబ్బు అడిగితే తలుపు వేసుకోండి. ఇవన్నీ చేసిన తరువాత కూడ నాణేనికి పెద్ద ధర రాకపోవచ్చు. అప్పుడు దాన్ని ఎవరు తెచ్చారో, ఏ ఊరి నుంచి తెచ్చారో ఒక కాగితం మీద రాసి, దానితో పాటు పెట్టెలో ఉంచండి. టంకశాలవారు వేసిన అక్షరం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ కాగితం మీది మాట మీ ఇంట్లో తప్ప మరెక్కడా దొరకదు.